పచ్చిక వేరు, బయలు వేరు

భూగోళం పాఠంలో ప్రెయిరీ ఒంటరిగా రాదు. పక్కన స్టెప్పీలు, పంపాలు, వెల్డులు ఉంటాయి. అన్నిటికీ కలిపి 'పచ్చిక బయళ్లు' అని అర్థం చెప్పి పాఠం ముందుకు సాగిపోతుంది. పరీక్షకు అది చాలు. కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రానికి మొదటిసారి ప్రయాణం కట్టేవాళ్లు మాత్రం ఆ జంటమాటను విడదీసి చూసుకోవాలని నా నమ్మకం. అక్కడ బయలు ఊరు దాటగానే ఎదురొస్తుంది. పచ్చిక వెతుక్కుంటే గానీ దొరకదు.

ప్రెయిరీ ఫ్రెంచి మాట. దాని వేరు లాటిన్‌లో ఉంది: 'ప్రాటుమ్', పచ్చికపట్టు. అదే స్పెయిన్‌లో 'ప్రాదో' అయింది. మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియానికి ఆ పేరు, అక్కడ ఒకప్పుడున్న పచ్చికను బట్టి వచ్చిందే. ఫ్రాన్సు పల్లెల్లో ప్రెయిరీ అంటే పశువులు మేసే చోటు, ఎండుగడ్డి కోసుకునే చోటు. బొచ్చుతోళ్ల వ్యాపారానికి పడవలెక్కి ఖండం లోపలికి వచ్చిన ఫ్రెంచివాళ్లు, చెట్టూ చేమా లేకుండా రోజుల తరబడి సాగే గడ్డిని చూసి తమ పల్లె మాటనే దానికి పెట్టారు. గడ్డి ఉంది కాబట్టి మాట అతికింది. ఆ విస్తీర్ణం మాత్రం మాటలో ఇమడలేదు.

మన 'బయలు' గడ్డి ఊసే ఎత్తదు. అడ్డు లేకపోవడాన్ని చెబుతుంది. ఇది ద్రావిడ భాషల సొంత మాట. తమిళంలో 'వయల్' పొలమైంది. కన్నడంలో అది మనదానిలాగే తెరిపి చోటు, మైదానం. కనుమలు దిగాక తూర్పున పరుచుకున్న ప్రాంతాన్ని వాళ్లు బయలుసీమ అంటారు. అల్లమప్రభు వంటి వచనకారులు ఆ మాటనే శూన్యానికీ పరతత్త్వానికీ వాడుకున్నారు. తెలుగులో వాకిలి 'వాకిట' అయినట్టే బయలు 'బయట' అయింది. దాచింది బయలుపడుతుంది, వేసవిలో పక్కలు ఆరుబయటికి వస్తాయి. బయలు మీద ఇంకో బయలు చేరితే, పగలు పట్టపగలైనట్టు, వ్యాకరణం దాన్ని 'బట్టబయలు' చేస్తుంది.

అన్నిటికన్నా నా మనసుకు దగ్గరైనది 'బయలుదేరడం'. ఇంటి గడప విడిచి బయలులోకి రావడమే మన భాషలో ప్రయాణానికి మొదలు. మామూలుగా ఆ పని గడప దగ్గరే పూర్తవుతుంది. సస్కాచెవాన్‌లో పూర్తి కాదు. రాష్ట్ర రాజధాని రెజైనా నుంచి ట్రాన్స్-కెనడా హైవే మీద పడమటికి కారు తీసినవాళ్లు మూజ్ జా దాటినా, స్విఫ్ట్ కరెంట్ చేరినా ఇంకా బయలుదేరుతూనే ఉంటారు. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా ఈ రాష్ట్రంలో సగానికి రావు. జనాభా 2021 లెక్కల్లో 11 లక్షల పైచిలుకు. ఉత్తరాన అడవులు, సరస్సులు. ప్రెయిరీ అంతా దక్షిణాన. పది మైళ్ల అవతల కురుస్తున్న వాన ఇక్కడి ఎండలో నిలబడినవాళ్లకు మొదలూ చివరా తెలిసేలా కనిపిస్తుంది.

అయితే హైవేకు రెండు పక్కలా ఉన్నదాన్ని ప్రెయిరీ గడ్డి అనుకోవద్దు. జూలైలో పసుపుగా పరుచుకునేది కనోలా పూత. మిగిలింది గోధుమ, బార్లీ, మసూర్. కెనడా మసూర్ పంటలో చాలా భాగం ఈ రాష్ట్రానిదే. మన దేశానికి దిగుమతయ్యే మసూర్‌పప్పు కొంత ఈ పొలాలదే. సాళ్ల మధ్య కారు ఆపి నిలబడే తెలుగువాళ్లకు ఆ పంట పరాయిదిగా అనిపించదు. కానీ అది నిలబడింది దున్నేసిన ప్రెయిరీ మీద.

దున్నడం ఎవరి ఇష్టానికో వదిలేసిన సంగతి కాదు. 1872 నాటి చట్టం 10 డాలర్ల రుసుము కట్టినవాడికి 160 ఎకరాలు ఇచ్చింది. ఇల్లు కట్టుకుని మూడేళ్లు కాపురముండాలి, కొంత నేల సాగులోకి తేవాలి. గడ్డిని తిరగేస్తేనే పట్టా. ఆ సరికే బైసన్ మందలు వేటకు తరిగిపోతున్నాయి; 1880 కల్లా ఈ నేల మీద దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. వాటి మీద బతికిన ఇక్కడి ఆదివాసులు, క్రీ, అస్సినిబోయిన్ జనం, ఆకలి పాలయ్యారు. రెజైనా పేరు 1882 వరకు 'ఎముకల కుప్ప'. క్రీ జనం అక్కడ పేర్చిన బైసన్ ఎముకల వల్ల వచ్చిన పేరు. ఆ క్రీ మాటే కాస్త మారి వస్కానా అయి, ఇప్పటికీ ఊరి వాగుకూ చెరువుకూ ఉంది. అది తెలియకుండా ఆ చెరువు గట్టున తిరిగి వచ్చేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

చట్టం వెంట సర్వే వచ్చింది. నేలంతా మైలు చదరాలు, ఒక్కో చదరం 640 ఎకరాలు. ఆ గీతల మీద వేసిన కంకర దారులే గ్రిడ్ రోడ్లు. హైవే బోర్డుల మీద కిలోమీటర్లున్నా, దారి అడిగితే ఇక్కడివాళ్లు మైళ్లలో, దిక్కుల్లో చెబుతారు: రెండు మైళ్లు ఉత్తరానికి, ఒక మైలు తూర్పుకి. ఎడమ, కుడి అలవాటైనవాళ్లు ముందే దిక్కులు సరిచూసుకోవాలి. తిన్నగా ఉత్తరానికి పోతున్న రోడ్డు ఒక్కోచోట ఉన్నట్టుండి పక్కకు జరిగి మళ్లీ తిన్నగా సాగుతుంది. ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కదా, చదరాలు చెడకుండా సర్వేయర్లు అక్కడ గీత సవరించారు. దాని పేరు కరెక్షన్ లైన్. భూమి గుండ్రంగా ఉందని స్టీరింగు పట్టుకున్న చేతికి తెలిసే చోటు అది.

వాన పడితే మట్టి దారుల జోలికి పోవద్దు. తడిసిన బంకమన్నును ఇక్కడ 'గంబో' అంటారు. ఆఫ్రికా భాషల్లో బెండకాయ పేరు అది. లూసియానా వంటింట్లో జిగురు పులుసు పేరైంది, అక్కడి నుంచి చక్రాలకు పట్టి వదలని ఈ మట్టికీ ఎక్కింది. ట్యాంకు సగముండగానే పెట్రోలు పోయించుకోవాలి. నీళ్లు దగ్గరుండాలి. బయలులో నీడ ఉండదు.

ఇక పచ్చిక. రాష్ట్రంలో అసలు ప్రెయిరీ ఐదో వంతు కూడా మిగల్లేదని అంచనా. దాన్ని చూడాలంటే స్విఫ్ట్ కరెంట్ దగ్గర హైవే వదిలి దక్షిణానికి 120 కిలోమీటర్లు పోయి, వాల్ మేరీ ఊరు మీదుగా గ్రాస్‌లాండ్స్ నేషనల్ పార్కు చేరాలి. అక్కడ కారు దిగి నడవాలి. కిటికీలోంచి ఈ గడ్డి కనబడదు, రంగు మాత్రమే కనబడుతుంది. ఆ రంగు కూడా మనం అనుకున్నది కాదు. పచ్చిక అనే మాటలో పచ్చదనం ఉంది. ఈ గడ్డి జూన్‌లో పచ్చబడి, ఆగస్టు నాటికి గోధుమవన్నెకు తిరుగుతుంది. మొక్కలో ఎక్కువ భాగం వేరుగా నేల కిందే ఉంటుంది.

వంగి చూడండి. బ్లూ గ్రామా కంకి కనుబొమ్మలా పక్కకు ఒరిగి ఉంటుంది. మేజోడుకు గుచ్చుకున్నది 'సూదీ దారం' గడ్డి, 2001 నుంచి ఈ రాష్ట్రపు అధికార చిహ్నాల్లో ఒకటి. గింజకు ఒక కొన సూది, రెండో కొన పొడవాటి మెలితిరిగిన తోక. తేమ తగిలితే మెలిక విచ్చుతుంది, ఆరితే బిగుస్తుంది. ఆ తిరుగుడుతోనే గింజ తనను తాను నేలలోకి దించుకుంటుంది. ఒక గింజను అరచేతిలో పెట్టి ఒక్క చుక్క నీరు వేస్తే ఆ తోక కదలడం చూడవచ్చు. అడుగు వేసేముందు కింద చూసుకోవాలి, ఇక్కడ రాటిల్‌స్నేక్‌లు ఉన్నాయి.

నడుస్తుంటే గడ్డిలో విడిగా ఒక పెద్ద బండ కనిపించవచ్చు. హిమానీనదాలు మోసుకొచ్చి వదిలిన రాయి. అంచులు నున్నగా ఉంటాయి, చుట్టూ నేల తొక్కిడికి గుంట పడి ఉంటుంది. వేల ఏళ్లు బైసన్‌లు ఒళ్లు రుద్దుకున్న రాయి అది. క్రీ భాషలో ఈ బయలు పేరు 'పస్క్వావ్', బైసన్ పేరు 'పస్క్వావిముస్తుస్', బయలు పశువు. నేల పేరు పలకకుండా ఆ పశువు పేరు పలకలేరు. 2005లో ఎల్క్ ఐలండ్ అనే మరో నేషనల్ పార్కు నుంచి 71 బైసన్‌లను ఈ పార్కుకు తెచ్చారు, ఇప్పుడు వందల్లో ఉన్నాయి. మంద కనిపిస్తే కనీసం 100 మీటర్లు ఎడంగా ఉండాలి. రాయి దగ్గరికి వెళ్లాలనుకుంటే అవి మేస్తూ మేస్తూ దాటిపోయేదాకా ఆగండి. పూట పట్టినా సరే, ఆగండి.