పిల్లలకి డిప్రెషనేంటి?

"చిన్నపిల్లలకి డిప్రెషనేంటి, చోద్యం కాకపోతే!" ఈ మాట మన ఇళ్ళలోనే కాదు, ఒకప్పుడు డాక్టర్లూ అన్నారు. తల్లికి దూరమైన పసికందుల్లో దిగులు గురించి 1946లోనే రెనె స్పిట్జ్ రాశాడు. అయినా 1960ల దాకా చాలామంది ఫ్రాయిడ్ వాదుల లెక్క వేరు: పిల్లల్లో అంతరాత్మ ఇంకా పూర్తిగా ఏర్పడదు, కాబట్టి వాళ్ళకది రాదు! తర్వాత ఇంకో వాదం: వస్తుంది గానీ, కడుపునొప్పి, అల్లరి, చదువులో వెనకబడటం చాటున దాక్కుంటుందని. చివరికి 1980లో అమెరికా సైకియాట్రిస్టుల డీఎస్ఎం-3, పెద్దల లక్షణాలే పిల్లలకీ వర్తిస్తాయంది.

నాకు నచ్చింది మాత్రం మరియా కోవాక్స్ పని. ఆరన్ బెక్ 1961లో పెద్దవాళ్ళ కోసం చేసిన ప్రశ్నావళిని ఆవిడ పిల్లలకి తగ్గట్టు మార్చారు. మొత్తం 27 అంశాలు. ఏడుపు, నిద్రతో పాటు స్కూలు చదువు, స్నేహితులు కూడా అందులో ఉన్నాయి. జవాబు చెప్పేది టీచరో అమ్మో కాదు, పిల్లాడే.

ఎనిమిదో క్లాసులో నా పక్కన ఒకడు కూర్చునేవాడు. ఉన్నట్టుండి వాడి మార్కులు పడిపోయాయి, ఆటలకి రావడం మానేశాడు. సార్లు "మొద్దు" అన్నారు, మేమూ అన్నాం. ఆ పేరు పడ్డాక వాడితో మాట్లాడేవాళ్ళు ఇంకా తగ్గిపోయారు. వాడిది డిప్రెషనే అని నేననను. కానీ "ఎలా ఉన్నావురా?" అని ఒక్కళ్ళమూ అడగలేదు.

ప్రోగ్రాం ఆగిపోతే ముందు లాగ్ చూస్తాం కదా. ప్రోగ్రెస్ కార్డులో మార్కులు తగ్గితే, ట్యూషన్ పెట్టించే ముందు పిల్లల్ని ఆ ఒక్క ప్రశ్న అడగండి.