విశ్రాంతి కూడా డ్యూటీలో భాగమే

మన చిట్యాల వంటి ఊళ్లలో కూడా పిల్లలు గల్ఫ్‌లోనో అమెరికాలోనో స్థిరపడిన పెన్షనర్ల కుటుంబాలు చాలా ఉన్నాయి. వారిని తీసుకురావడానికి అర్ధరాత్రి కారు మాట్లాడుకొని శంషాబాద్ పోవడం, తెల్లవారుజామున దిగే విమానం కోసం కాచుకొని కూర్చోవడం మనకు అలవాటైన పనే. మనం కునికిపాట్లు పడుతున్న ఆ వేళకు విమానాన్ని కిందికి దింపుతున్న పైలట్ ఎన్ని గంటలు నిద్రపోయి డ్యూటీకి వచ్చాడో మనం ఎన్నడూ ఆలోచించం. 2025 డిసెంబరులో దేశమంతటా విమానాలు నిలిచిపోయినప్పుడు ఈ ప్రశ్న అందరి నోళ్లలో నానింది. దీని వెనుక చాలా చరిత్ర ఉన్నది. అందులో మన హైదరాబాద్ రాష్ట్రానికీ చోటున్నది కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నిజాం స్టేట్ రైల్వే రైళ్లతో ఆగలేదు. 1932 జూన్‌లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించింది. తరువాతి కాలపు ఆర్టీసీకి అదే మూలం. 1945లో టాటాల భాగస్వామ్యంతో దక్కన్ ఎయిర్‌వేస్ ఏర్పడింది. బేగంపేట కేంద్రంగా దాని డకోటా విమానాలు నడిచేవి. దేశంలో మొట్టమొదటి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగమిచ్చిన సంస్థ కూడా అదే. 1953 ఆగస్టు 1న మరి కొన్ని కంపెనీలతోపాటు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైంది.

ఆ రోజుల్లోనే పైలట్లకు రాత్రి పని నిత్యకృత్యమైంది. 1949 జనవరిలో రాత్రి విమాన టపా మొదలైంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి బయలుదేరిన విమానాలు నడిరాత్రి నాగపూర్‌లో కలుసుకొని, టపా సంచులు మార్చుకొని, తెల్లవారేసరికి తమ తమ ఊళ్లకు చేరేవి. ఉదయం మన చేతికి ఉత్తరం అందడానికి ఎవరో రాత్రంతా మేలుకొనేవారన్నమాట.

బస్సు డ్రైవర్ల విషయంలో 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని నిర్ణయించింది. పైలట్ల లెక్క అంత సులువు కాదు. ఈరోజు తెల్లవారుజామున అయిదింటికి డ్యూటీ, రెండు రోజుల తరువాత అర్ధరాత్రి డ్యూటీ, నడుమ పరాయి ఊళ్లో హోటలు గదిలో పగటి నిద్ర. మొత్తం గంటలు పరిమితికి లోబడే ఉండవచ్చు. కాని రాత్రి రెండింటి నుంచి ఆరింటి దాకా శరీరం నిద్రనే కోరుతుంది. వేళలు తరచూ మారితే ఆ లోపల గడియారం దేనికీ అలవాటు పడదు. వరుసగా 17 గంటలు మేలుకొన్నవాడి పనితీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి పనితీరుతో సమానమని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం అనుమతించే హద్దు 0.03 శాతమే.

ఈ సంగతి నాకు పుస్తకాల వల్ల తెలిసింది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వానాకాలం కంట్రోల్ రూము డ్యూటీ చార్టు రాసే పని నాకు అప్పగించారు. అందరికీ సమానంగా గంటలు పంచాను. న్యాయంగానే చేశానని సంతోషించాను. ఒక సహోద్యోగికి మాత్రం ఒకనాడు సాయంత్రం, మరునాడు తెల్లవారుజామున, ఆ పైనాడు రాత్రి పడింది. మూడోనాడు ఆయన చెరువు నీటిమట్టం అంకెను తారుమారు చేసి పైకి పంపాడు. పెద్దలు వెంటనే గమనించారు కనుక సరిపోయింది. మాట పడింది ఆయన, తప్పు నా చార్టుది. ఆ మాట ఆనాడు పైకి చెప్పలేకపోయాను.

విమానంలో అటువంటి తప్పును సరిదిద్దే వ్యవధి ఉండదు. 2010 మే 22న దుబాయి నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం ఉదయం ఆరింటి ప్రాంతంలో మంగళూరులో రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది మరణించారు, 8 మంది మాత్రమే బతికారు. సరిగా కుదరని దిగుడును కెప్టెన్ విరమించకపోవడమే ప్రధాన కారణమని విచారణ కోర్టు తేల్చింది. ప్రయాణంలో ఆయన చాలాసేపు నిద్రపోయాడనీ, లేచిన తరువాత ఆ మత్తు నిర్ణయ శక్తిని దెబ్బతీసి ఉండవచ్చనీ కూడా పేర్కొన్నది.

2024 జనవరిలో డీజీసీఏ కొత్త నిబంధనలు ప్రకటించింది. వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచింది. రాత్రి దిగుళ్లను ఆరు నుంచి రెండుకు తగ్గించింది. వాయిదాల తరువాత ఇవి 2025 జులై 1న కొంత, నవంబరు 1న మిగతా అమలయ్యాయి. నెల తిరిగేసరికి ఇండిగో సర్వీసులు కుప్పకూలాయి. డిసెంబరు 3 నుంచి 5 వరకు మూడు రోజుల్లోనే 2,507 విమానాలు రద్దయ్యాయి. మూడు లక్షల మందికి పైగా ఇబ్బంది పడ్డారు. శంషాబాద్‌లో అయ్యప్ప మాల వేసుకున్నవారు కూడా నిరసనకు దిగారు. చివరకు ఆ సంస్థకు రాత్రి నిబంధనల నుంచి 2026 ఫిబ్రవరి 10 వరకు మినహాయింపు ఇవ్వవలసి వచ్చింది. సెలవును వారపు విశ్రాంతి కింద జమ కట్టరాదన్న నియమాన్ని కూడా డిసెంబరు 5న అన్ని సంస్థలకూ ఉపసంహరించుకున్నారు.

విశ్రాంతి ఇచ్చినందుకే విమానాలు ఆగాయని కొందరన్నారు. విచారణ తరువాత 2026 జనవరిలో డీజీసీఏ చెప్పింది వేరు. సిబ్బందినీ విమానాలనూ చివరి అంచు వరకు వాడుకోవడం, కొత్త నిబంధనలకు ముందుగా సిద్ధం కాకపోవడం ముఖ్య కారణాలని తేల్చి, 22.20 కోట్ల రూపాయల జరిమానా విధించింది.

మన శాఖల్లో లీవ్ రిజర్వు అనే మాట ఉండేది. ఒకరు సెలవు పెడితే పని ఆగకుండా ముందే మంజూరు చేసి ఉంచే పోస్టులవి. పొదుపు లెక్కలు చూసేవారి కంటికి అవి దండగ ఖర్చుగా కనిపించేవి. ఆ పోస్టులు లేని సెక్షన్‌లో ఒక్కరికి జ్వరం వస్తే ఫైళ్లు గుట్టలు పడేవని మనందరికీ ఎరుకే. విమానాలకైనా అదే సూత్రం. అదనంగా కనిపించే ఆ నలుగురు పైలట్లే మిగతావారి వేళలను నిలకడగా ఉంచుతారు. వారిని తగ్గించి మిగుల్చుకున్నామనుకున్న డబ్బు ఒక్క వారంలో పోతుంది. ప్రాణాలు పోతే ఏ లెక్కకూ అందదు.

మన మనుమలు, మనుమరాళ్లలో రాత్రి డ్యూటీలు చేసేవారు, డ్యూటీ చార్టులు తయారు చేసేవారు కూడా ఉన్నారు. చార్టు రాసేటప్పుడు పని గంటలతోపాటు నిద్ర గంటలకూ ఒక గడి గీయమని వారికి ఈ పాత గుమాస్తా మనవి.