ఫోన్ కట్ అయింది, సరుకు అమ్మారా లేదా? ఆర్‌పీసీ కథ

ఈ ఎపిసోడ్‌లో రిమోట్ ప్రొసీజర్ కాల్, అంటే ఆర్‌పీసీ చరిత్ర చూద్దాం. వేరే కంప్యూటర్‌లో ఉన్న పనిని మన ప్రోగ్రామ్ పిలిచి చేయించుకోవడమే ఆర్‌పీసీ.

పేరు చూసి కంగారు పడకండి. ప్రకాశం జిల్లా రైతు ఒకాయన మిర్చి గుంటూరు కోల్డ్ స్టోరేజీలో ఉందనుకోండి. ఊళ్లోంచే కమీషన్ వ్యాపారికి ఫోన్ చేసి, "ఏమండీ, ఇవాళ తేజ రేటెంత?" అని అడుగుతాడు. తర్వాత "సరే, 30 టిక్కీలు తీసి అమ్మేయండి" అంటాడు. పని గుంటూరులో, మాట ఊళ్లో. ఆర్‌పీసీ కూడా అంతే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. "అమ్మేయండి" అనగానే లైన్ కట్ అయింది. అవతల విన్నాడా, వినలేదా? మళ్లీ చేసి అదే మాట చెబితే 30 కాస్తా 60 అయిపోవచ్చు. రేటు మాత్రం పదిసార్లు అడిగినా నష్టం లేదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే నడుస్తుంది.

1976లో జేమ్స్ వైట్ అనే ఇంజనీరు ఆర్పానెట్ కోసం ఈ ఆలోచనని కాగితం మీద పెట్టాడు. 1984లో జెరాక్స్ పార్క్ ల్యాబ్‌కి చెందిన ఆండ్రూ బిరెల్, బ్రూస్ నెల్సన్ దాన్ని ఎలా కట్టారో వివరంగా రాశారు. దూరపు పిలుపు కూడా దగ్గరి పిలుపులాగే కనిపించాలన్నది వాళ్ల కోరిక. కానీ లైన్ తెగే సంగతి వాళ్లు దాచలేదు. జవాబు తిరిగొస్తే పని సరిగ్గా ఒక్కసారే జరిగినట్టు. రాకపోతే ఒకసారి జరిగి ఉండొచ్చు, అసలు జరక్కపోయి ఉండొచ్చు. రెండుసార్లు మాత్రం జరగకూడదు.

1998లో ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ వచ్చింది. దాంతో ఈ పిలుపులు మామూలు వెబ్ దారిలోనే, హెచ్‌టీటీపీ మీద నడిచాయి. అలా వెబ్ సర్వర్ మధ్యలోకి వచ్చింది. ఇగోర్ సిసోయెవ్ 2004లో విడుదల చేసిన ఇంజిన్‌ఎక్స్ తీసుకోండి. గేటు దగ్గర నిలబడి, ఈ అడ్రసుకి వచ్చిన పిలుపుని లోపలి సర్వర్‌కి పంపు అని మనం కాన్ఫిగర్ చేస్తాం. లోపల్నుంచి 60 సెకన్లు ఉలుకూ పలుకూ లేకపోతే, డిఫాల్ట్‌గా అది టైమవుట్ అంటుంది. వెనక ఇంకో సర్వర్ ఉంటే పిలుపుని దానికి పంపుతుంది.

అదిగో, మన రైతు రెండో ఫోను! మొదటి సర్వర్ అప్పటికే సరుకు అమ్మేసి ఉంటే?

అందుకే 2016 మార్చిలో వచ్చిన 1.9.13 వెర్షన్‌లో రూలు మార్చారు. పోస్ట్ రకం పిలుపు ఒకసారి లోపలికి వెళ్లాక, మనం ప్రత్యేకంగా చెబితే తప్ప ఇంకో సర్వర్‌కి పంపదు. సరిగ్గా తర్వాతి నెల, ఏప్రిల్ 14న, దేశంలో ఈ-నామ్ మొదలైంది. తర్వాత గుంటూరు మిర్చి యార్డు కూడా అందులో చేరింది. వేలం తెర మీదికి వచ్చాక, రెండుసార్లు నమోదైన ఒక్క పిలుపు ఎవరి డబ్బుతో ఆడుకుంటుందో మీరే ఆలోచించండి.

2015లో గూగుల్ బయటపెట్టిన జీఆర్‌పీసీకి హెచ్‌టీటీపీ-2 కావాలి. ఇంజిన్‌ఎక్స్ 2018 మార్చిలో దానికీ దారి ఇచ్చింది. అక్కడా పిలుపులన్నీ పోస్ట్‌లే, కాబట్టి అదే జాగ్రత్త.

కాన్ఫిగరేషన్ ఫైల్‌లో "ఫెయిలైతే మళ్లీ పంపు" అనే స్విచ్ కనిపిస్తే వెంటనే ఆన్ చేసేయకండి. ముందు ఒక్కటి అడగండి: ఇది రేటు అడిగే పిలుపా, సరుకు అమ్మే పిలుపా? అమ్మేదైతే ప్రతి పిలుపుకీ ఒక చీటీ నంబరు ఇవ్వండి. అదే నంబరు మళ్లీ వస్తే, లోపలి ప్రోగ్రామ్ పని మళ్లీ చేయకుండా పాత జవాబే తిరిగి ఇవ్వాలి. గేటు ఎంత గట్టిదైనా, లెక్క రాసుకోవాల్సింది లోపలి గుమాస్తానే.