జంతు సంక్షేమ చట్టాలు: 50 రూపాయల జరిమానాను మార్చే మార్గాలు ఏవి?

న్యూఢిల్లీ: ఒక మూగజీవిని కొట్టి హింసించిన వ్యక్తిపై నేరం రుజువైతే, అది అతడి మొదటి నేరమైనప్పుడు, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం న్యాయస్థానం విధించగల జరిమానా కనిష్ఠంగా 10 రూపాయలు, గరిష్ఠంగా 50 రూపాయలు. మరోవైపు, దేశ రాజధాని ప్రాంతంలోని వీధి కుక్కలపై 2025లో సుప్రీంకోర్టు వెలువరించిన ఉత్తర్వులు దేశమంతటా చర్చకు దారితీశాయి. జంతువుల రక్షణ, ప్రజల భద్రత రెండింటినీ నిర్ణయించే ఈ చట్టాలు ఏం చెబుతున్నాయి, వాటిని పటిష్ఠం చేయాలని కోరేవారికి ఉన్న మార్గాలేమిటి అన్నది ఈ నేపథ్యంలో ప్రాధాన్యం సంతరించుకుంది.

చట్టం పుట్టుక

జంతు హింసపై బ్రిటిష్ పాలనలో 1890లో ఒక చట్టం వచ్చింది. స్వాతంత్ర్యానంతరం దాని స్థానంలో సమగ్ర చట్టం అవసరమని రాజ్యసభ నామినేటెడ్ సభ్యురాలు, ప్రముఖ నృత్యకళాకారిణి రుక్మిణీదేవి అరుండేల్ 1953లో ప్రైవేటు మెంబరు బిల్లు ప్రవేశపెట్టారు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ హామీ ఇవ్వడంతో ఆమె దానిని ఉపసంహరించుకున్నారు. అనంతరం ఒక కమిటీ అధ్యయనం చేసింది. 1960లో పార్లమెంటు జంతు హింస నివారణ చట్టాన్ని ఆమోదించింది. ఒక సభ్యురాలి చొరవ ప్రభుత్వ చట్టంగా రూపుదిద్దుకోవడానికి ఏడేళ్లు పట్టింది.

ఈ చట్టం కింద 1962లో భారత జంతు సంక్షేమ మండలి ఏర్పడింది. రుక్మిణీదేవి దానికి తొలి అధ్యక్షురాలు. చెన్నై కేంద్రంగా దశాబ్దాలపాటు పనిచేసిన ఈ మండలి ప్రధాన కార్యాలయం ప్రస్తుతం ఎన్‌సీఆర్ పరిధిలోని ఫరీదాబాద్ జిల్లా బల్లభ్‌గఢ్‌లో ఉంది. ప్రభుత్వానికి సలహాలివ్వడం, జంతు సంక్షేమ సంస్థలను గుర్తించడం దీని ప్రధాన విధులు. నేరస్థులను శిక్షించే అధికారం మండలికి లేదు.

ఏది నేరం, శిక్ష ఎంత

చట్టంలోని 11వ సెక్షన్ జంతు హింసను వివరంగా నిర్వచించింది. కొట్టడం, అతిగా బరువులు మోయించడం, గాయపడిన లేదా వ్యాధిగ్రస్త పశువుతో పని చేయించడం, కదలడానికి వీల్లేని బోనులో ఉంచడం, బాధ కలిగించే రీతిలో రవాణా చేయడం, తిండి, నీరు, నీడ కల్పించకపోవడం, పెంపుడు జంతువును ఆకలికి వదిలేయడం, పోరాటాలకు ఉసిగొల్పడం నేరాలు. అయితే కొమ్ములు తీయడం, ఆహారం కోసం వధించడం వంటి కొన్ని పనులకు నిర్ణీత పరిమితుల్లో మినహాయింపులున్నాయి.

నిర్వచనం విస్తృతంగా ఉన్నా శిక్ష స్వల్పం. మొదటి నేరానికి 10 నుంచి 50 రూపాయల జరిమానా మాత్రమే. మూడేళ్లలోపు అదే నేరం మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. పెంపుడు జంతువుల దుకాణాలు, కుక్కల పెంపకం, పశువుల రవాణా వంటి అంశాలపై కేంద్రం పలు నిబంధనలు తెచ్చింది. 38వ సెక్షన్ ప్రకారం వాటిని ఉల్లంఘించినా గరిష్ఠ జరిమానా 100 రూపాయలు, గరిష్ఠ జైలుశిక్ష మూడు నెలలే.

అంతకంటే పెద్ద అవరోధం మరొకటి ఉంది. 31వ సెక్షన్ ప్రకారం కొద్ది నేరాలు మాత్రమే పోలీసులు నేరుగా కేసు నమోదు చేసి దర్యాప్తు చేయదగినవి. జంతువును అతి క్రూరంగా చంపడం లేదా అవయవాలు ఖండించడం, జంతు పోరాటాల కేంద్రం నిర్వహించడం, బంధించిన జంతువులను వదిలి కాల్చే పోటీలు జరపడం, పాల దిగుబడి కోసం ‘ఫూకా’ వంటి పద్ధతులు లేదా హానికర ఇంజెక్షన్లు వాడటం ఈ కోవలోకి వస్తాయి. మిగిలిన నేరాల్లో మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. దీనికి తోడు, నేరం జరిగిన మూడు నెలల్లోగా ప్రాసిక్యూషన్ మొదలుకాకపోతే 36వ సెక్షన్ ప్రకారం ఆ కేసుకు కాలం చెల్లుతుంది. అనుమతి కోసం సాగే జాప్యం నిందితుడికే మేలు చేస్తుంది.

కొత్త శిక్షాస్మృతిలో లాభం, లోటు

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఈ లోటును కొంత భర్తీ చేసింది. జంతువును చంపడం, విషం పెట్టడం, అంగవైకల్యం కలిగించడం 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలుశిక్షకు దారితీసే నేరాలు. పాత శిక్షాస్మృతిలోని 428, 429 సెక్షన్లు జంతువు ఖరీదును బట్టి శిక్షను రెండేళ్లుగా లేదా ఐదేళ్లుగా విభజించేవి. వెలకట్టలేని వీధి కుక్క విషయంలో ఇది ఇబ్బందిగా ఉండేది. కొత్త సంహిత ఆ తేడాను తొలగించింది.

అదే సమయంలో ఒక లోటు ఏర్పడింది. జంతువులపై లైంగిక హింసను శిక్షించడానికి పాత శిక్షాస్మృతిలో 377వ సెక్షన్ ఉండేది. కొత్త సంహితలో దానికి సమానమైన సెక్షన్ లేదు. 1960 చట్టంలోని 11వ సెక్షన్‌లోనూ ఈ నేరం ప్రత్యేక ప్రస్తావన లేదు. ఈ ఖాళీని పూడ్చాలన్నది జంతు సంక్షేమ సంస్థల ప్రధాన డిమాండ్లలో ఒకటి.

రాజ్యాంగం, న్యాయస్థానాలు

1976లో 42వ సవరణ ద్వారా చేరిన రాజ్యాంగంలోని 51ఏ(జి) అధికరణం, ప్రాణుల పట్ల కరుణ చూపడాన్ని పౌరుల ప్రాథమిక విధిగా పేర్కొంది. 2014 మే 7న జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు ఈ అధికరణాన్ని 1960 చట్టంతో కలిపి చదివింది. ఆకలి, దప్పిక, భయం, బాధ, వ్యాధి వంటి వాటి నుంచి విముక్తితోపాటు సహజ ప్రవర్తనకు అవకాశం కల్పించే ‘ఐదు స్వేచ్ఛల’ను గుర్తించింది. శిక్షలు నేరాన్ని నిరోధించే స్థాయిలో ఉండేలా పార్లమెంటు చట్టాన్ని సవరించాలని ఆకాంక్షించింది.

అనంతరం తమిళనాడు చట్టాన్ని సవరించి జల్లికట్టుకు అనుమతినిచ్చింది. 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రల సవరణలను సమర్థించింది. న్యాయస్థానంలో లభించిన రక్షణను శాసనసభ సవరణ మార్చగలదని ఈ పరిణామం స్పష్టం చేసింది.

రాజధానిలో 11 రోజుల్లో రెండు ఉత్తర్వులు

ఢిల్లీలో కుక్కకాట్లపై పత్రికలో వచ్చిన కథనాన్ని సుప్రీంకోర్టు 2025 జులై 28న సుమోటోగా విచారణకు స్వీకరించింది. ఆగస్టు 11న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఢిల్లీతోపాటు నోయిడా, ఘజియాబాద్, గురుగ్రామ్, ఫరీదాబాద్‌లలోని వీధి కుక్కలన్నింటినీ పట్టుకొని ఆశ్రయ కేంద్రాలకు తరలించాలని ఆదేశించింది. తొలి దశలో 5,000 కుక్కలతో ప్రారంభించాలని, వాటిని తిరిగి వీధుల్లో వదలరాదని స్పష్టం చేసింది.

ఈ ఆదేశం 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలకు భిన్నంగా ఉందన్న అభ్యంతరాలు వెల్లువెత్తాయి. సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసిన కుక్కను పట్టుకున్న చోటే వదిలిపెట్టాలని ఆ నిబంధనలు చెబుతున్నాయి. వ్యవహారం ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనానికి చేరింది. జస్టిస్ విక్రమ్‌నాథ్ నేతృత్వంలోని ధర్మాసనం ఆగస్టు 22న ఉత్తర్వును సవరించింది. రేబిస్ సోకిన, సోకిందన్న అనుమానమున్న, దాడి స్వభావం గల కుక్కలు మినహా మిగిలిన వాటిని చికిత్స, టీకాల తర్వాత అదే ప్రాంతంలో విడిచిపెట్టవచ్చని పేర్కొంది. వీధుల్లో ఎక్కడపడితే అక్కడ ఆహారం పెట్టడాన్ని నిషేధించి, ప్రతి మున్సిపల్ వార్డులో అందుకు ప్రత్యేక స్థలాలు ఏర్పాటు చేయాలని ఆదేశించింది. కేసు పరిధిని దేశవ్యాప్తం చేసింది. 2025 నవంబరు 7న మరో ఉత్తర్వులో విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి కుక్కలను తొలగించాలని, వాటిని మళ్లీ అక్కడే వదలరాదని ఆదేశించింది.

ఈ వివాదంలో రెండు పక్షాల ఆందోళనలకూ ఆధారం ఉంది. కేంద్రం పార్లమెంటుకు తెలిపిన లెక్కల ప్రకారం 2024లో దేశంలో 37 లక్షలకు పైగా కుక్కకాటు కేసులు నమోదయ్యాయి. పిల్లలు, వృద్ధులు, కాలినడకన తిరిగే కార్మికులు వీటి భారాన్ని ఎక్కువగా మోస్తున్నారు. మరోవైపు, రేబిస్ వ్యాప్తిని అడ్డుకోవాలంటే ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మున్సిపల్ సంస్థలు శస్త్రచికిత్సలు, టీకాలు నిలకడగా చేపట్టకపోతే జంతువులకూ మనుషులకూ రక్షణ దక్కదన్నది ఇరుపక్షాలూ అంగీకరించే అంశం.

ముసాయిదా దశలోనే సవరణ

శిక్షలను పెంచాలన్న డిమాండు కొత్తది కాదు. 2011లో జంతు సంక్షేమ బిల్లు ముసాయిదా వెలువడినా చట్టంగా మారలేదు. ‘నో మోర్ 50’ పేరుతో స్వచ్ఛంద సంస్థలు ప్రచారోద్యమం నడిపాయి. 2022 నవంబరులో కేంద్ర పశుసంవర్ధక, పాడి పరిశ్రమ శాఖ సవరణ బిల్లు ముసాయిదాను విడుదల చేసి, డిసెంబరు 7 వరకు ప్రజాభిప్రాయాలు కోరింది. ‘ఘోర క్రూరత్వం’ అనే కొత్త విభాగాన్ని చేర్చి, లైంగిక హింసను అందులో భాగం చేసింది. దానికి 50 వేల నుంచి 75 వేల రూపాయల జరిమానా, ఒకటి నుంచి మూడేళ్ల జైలుశిక్ష ప్రతిపాదించింది. జంతువును చంపితే ఐదేళ్ల వరకు జైలు, జరిమానా సూచించింది. ఐదు స్వేచ్ఛలకు చట్టంలో చోటు కల్పించింది.

ఇదే కాలంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం సవరణ పూర్తయింది. 2022లో పార్లమెంటు ఆమోదించిన ఆ సవరణ, సాధారణ ఉల్లంఘనలకు గరిష్ఠ జరిమానాను 25 వేల నుంచి లక్ష రూపాయలకు పెంచింది. అడవి జంతువుకు లభించిన ఈ మార్పు ఊరి జంతువుకు అందలేదు.

మార్పు కోరే మార్గాలు

పార్లమెంటు: చట్ట సవరణకు ఇదే ప్రధాన వేదిక. నియోజకవర్గ ఎంపీకి వినతిపత్రం ఇవ్వడం, సభలో ప్రశ్న అడిగించడం, ప్రైవేటు మెంబరు బిల్లుకు మద్దతు కూడగట్టడం, సభల పిటిషన్ల కమిటీకి అర్జీ సమర్పించడం ఇందులోని మెట్లు. 2014లో కేంద్రం ఆమోదించిన విధానం ప్రకారం ముసాయిదా చట్టాలను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలి. ఆ గడువులో సెక్షన్ల వారీగా పంపే సూచనలు సాధారణ విజ్ఞప్తి కంటే ఎక్కువ ఉపయోగపడతాయి.

నిబంధనలు, నోటిఫికేషన్లు: పార్లమెంటు సవరణ లేకుండానే సాధించదగిన మార్పులున్నాయి. ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాల ప్రదర్శనను 1998 నాటి నోటిఫికేషన్ నిషేధించగా, 2001లో సుప్రీంకోర్టు సమర్థించింది. సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించడాన్ని 2014లో నిబంధనల ద్వారానే నిషేధించారు. పక్షుల ప్రాణాలు తీస్తున్న చైనా మాంజాను ఢిల్లీ ప్రభుత్వం 2017 జనవరిలో నోటిఫికేషన్‌తో నిషేధించింది.

రాష్ట్రాలు: జంతు హింస నివారణ ఉమ్మడి జాబితాలోని అంశం. రాష్ట్ర శాసనసభలు రాష్ట్రపతి ఆమోదంతో కేంద్ర చట్టాన్ని సవరించుకోవచ్చు. తమిళనాడు దీనిని ఒక మినహాయింపు కోసం వాడుకుంది. శిక్షలు పెంచడానికీ ఇదే దారి అందుబాటులో ఉంది.

న్యాయస్థానాలు: 32, 226 అధికరణాల కింద ప్రజాప్రయోజన వ్యాజ్యాలు వేయవచ్చు. అయితే న్యాయస్థానం 50 రూపాయల జరిమానాను 50 వేలుగా మార్చలేదు. ఆ అధికారం శాసనసభలదే.

ఎవరిని అడగాలి

ఎన్‌సీఆర్‌లో బాధ్యతలు పలు సంస్థల మధ్య చీలి ఉన్నాయి. వీధి కుక్కల జనన నియంత్రణ ఢిల్లీ నగరపాలక సంస్థ, న్యూఢిల్లీ మున్సిపల్ కౌన్సిల్, కంటోన్మెంట్ బోర్డుల పరిధిలోనిది. ఢిల్లీ పోలీసు విభాగం కేంద్ర హోంశాఖ కింద పనిచేస్తుంది. నోయిడా, ఘజియాబాద్‌లు ఉత్తరప్రదేశ్‌కు, గురుగ్రామ్, ఫరీదాబాద్‌లు హరియాణాకు చెందినవి. 2001 నాటి నిబంధనల ప్రకారం ప్రతి జిల్లాలో జంతు హింస నివారణ సంఘం ఉండాలి. అది ఏర్పడిందా, ఎన్ని కేసులు చేపట్టింది, శస్త్రచికిత్సలకు మున్సిపాలిటీ ఎంత ఖర్చు చేసింది అన్న వివరాలను సమాచార హక్కు చట్టం కింద కోరవచ్చు. ఏ వినతిపత్రానికైనా ఇటువంటి స్థానిక లెక్కలే బలం.

తెలుగు రాష్ట్రాల్లోనూ ఇవే ప్రశ్నలు

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధి కుక్కల దాడిలో నాలుగేళ్ల బాలుడు మరణించాడు. తెలంగాణ హైకోర్టు ఆ ఘటనను సుమోటోగా స్వీకరించింది. ఆంధ్రప్రదేశ్‌లో సంక్రాంతి కోడిపందేలు జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. ఉమ్మడి హైకోర్టు 2016 డిసెంబరులో వాటిని అడ్డుకోవాలని ఆదేశించినా గోదావరి జిల్లాల్లో ఏటా బరులు వెలుస్తూనే ఉన్నాయి. చట్టం ఉండటం, అమలు కావడం వేర్వేరని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఫిర్యాదుదారులు గుర్తుంచుకోవాల్సినవి

హింస కంటపడితే తేదీ, సమయం, స్థలంతో ఫొటోలు లేదా వీడియో భద్రపరచాలి. అత్యవసరమైతే 112కు ఫోన్ చేయాలి. పశువైద్యుడి నివేదిక తీసుకోవాలి. జంతువు మరణించినా, అంగవైకల్యం కలిగినా 325వ సెక్షన్‌ను ఫిర్యాదులో తప్పక పేర్కొనాలి. పోలీసులు నేరుగా దర్యాప్తు చేయలేని నేరమైతే మేజిస్ట్రేటును ఆశ్రయించాలి. మూడు నెలల గడువు నేరం జరిగిన రోజు నుంచే లెక్కకు వస్తుంది.