తూటాల బరువు ఎక్కడ కూర్చోవాలి

త్రీనాట్‌త్రీ అన్న మాట తెలియనివాళ్లు యారాడలో గానీ, గాజువాకలో గానీ, పైన చింతపల్లి మన్యంలో గానీ అరుదు. దశాబ్దాల పాటు పోలీసుల భుజాన వేలాడిన తుపాకీ అది. దూరం నుంచే దాన్ని పట్టించేది ట్రిగ్గర్ ముందు కిందికి పొడుచుకొచ్చిన ఇనప పెట్టె. పది తూటాలు పట్టే ఆ పెట్టే మ్యాగజైన్. తుపాకుల చరిత్ర రాసేవాళ్లు ఎన్ని తూటాలు పడతాయి, ఎంత వేగంగా కాల్చవచ్చు అన్న లెక్కలే ఎక్కువగా రాస్తారు. వేట రైఫిల్ దగ్గరికొచ్చేసరికి అసలు ప్రశ్న అది కాదు. ఆ తూటాల బరువు ఎక్కడ కూర్చోవాలి? పొద్దంతా అడవిలో చేత మోసి, ఒక్క క్షణంలో భుజానికెత్తాల్సిన వస్తువుకు ప్రాణం అక్కడే ఉంది.

మొదట్లో తూటాలను బ్యారెల్ కింద ఇంకో గొట్టంలో, ఒకదాని వెనక ఒకటిగా నింపేవారు. జర్మన్ల 71/84 మౌజర్, ఫ్రెంచివాళ్ల 1886 నాటి లెబెల్ అలాంటివే. ఆ మౌజర్ తూటా ఒక్కోటి 40 గ్రాముల పైమాటే. గొట్టంలో ఎనిమిది నింపితే మూడొందల గ్రాములకు మించిన సీసం, ఇత్తడి ముందు చేతి మీద పడుతుంది. కాలుస్తున్నకొద్దీ ముందు తేలికైపోతుంది, మిగిలిన తూటాలు వెనక్కి జరుగుతాయి. అంటే మొదటి గురికీ చివరి గురికీ మధ్య చేతిలో ఉన్న తుపాకీయే మారిపోతోందన్నమాట. దానికి తోడు, మొన దేలిన తూటాలు వాడుకలోకి వచ్చాక ఇంకో భయం పట్టుకుంది. గొట్టంలో వెనక తూటా మొన ముందు తూటా అడుగున ఉన్న మందు టోపీకి ఆనుకుని ఉంటుంది కదా, కుదుపుకు పేలితే!

స్కాట్లండులో పుట్టి, కెనడాలో పెరిగి, అమెరికాలో పనిచేసిన జేమ్స్ పారిస్ లీ 1879లో దీనికి దారి చూపించాడు. తూటాలను బోల్ట్ కిందే, నిలువుగా ఒకదానిపై ఒకటి పేర్చాడు. అడుగున స్ప్రింగు పెట్టాడు. బోల్ట్ వెనక్కి లాగితే పై తూటా లేస్తుంది, ముందుకు నెడితే గదిలోకి పోతుంది. బరువంతా రెండు చేతుల మధ్యకు వచ్చేసింది. ఎన్ని కాల్చినా తూకం పెద్దగా కదలదు. 1888లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న లీ-మెట్‌ఫర్డ్‌కు, 1895లో వచ్చిన లీ-ఎన్‌ఫీల్డ్‌కు, మన త్రీనాట్‌త్రీకి మూలం ఇదే.

సైనికుడికి అది చాలు. వేటగాడికి చాలలేదు. రైఫిల్‌ను చేత్తో మోసేవాడు దాని తూకం కుదిరే చోటే పట్టుకుంటాడు. సరిగ్గా ఆ చోటే పెట్టె అడ్డం వచ్చింది. అందుకే వేటకని చేసిన లీ-స్పీడ్ రైఫిళ్లలో చాలావాటికి పదికి బదులు ఐదు తూటాల కురచ మ్యాగజైన్ బిగించేవారు.

ఈ ముడి విప్పినవాడు ఓబర్న్‌డార్ఫ్‌లోని పాల్ మౌజర్. 1889లో బెల్జియం కోసం చేసిన రైఫిల్లో ఆయన కూడా తూటాలను ఒకే వరుసలో పేర్చాడు, పెట్టె కిందికి పొడుచుకొచ్చింది. నాలుగేళ్లకు, 1893 స్పానిష్ రైఫిల్లో, పొడుచుకొచ్చిన పెట్టె మాయమైంది. పండ్ల బండి మీద బత్తాయిలు పేర్చినట్టు, తూటాలను ఎడమకొకటి కుడికొకటి సందుల్లో ఇరికించాడు. పక్కపక్కనున్న మూడు తూటాల మధ్యబిందువులు కలిపితే సమబాహు త్రిభుజం వస్తుంది. ఆ త్రిభుజం ఎంత పని చేసిందో చూడండి. ఏడు మిల్లీమీటర్ల మౌజర్ తూటా అడుగు వ్యాసం సుమారు 12 మిల్లీమీటర్లు. ఒకే వరుసలో ఐదు పేరిస్తే 60 మిల్లీమీటర్ల లోతు కావాలి. ఎడమకొకటి కుడికొకటి పేరిస్తే 36 చాలు. వెడల్పు మాత్రం వ్యాసానికి 1.866 రెట్లు, అంటే ఇరవై రెండున్నర మిల్లీమీటర్ల లోపే. చెక్క కుందాలో అంత చోటు ఎలాగూ ఉంటుంది. అడుగు పూర్తిగా నున్నగా తయారైంది. అరచెయ్యి సరిగ్గా తూకం దగ్గరే ఆనుతుంది.

ఆ పెట్టె లోపల తూటాలను పైకి నెట్టే పలక, అంటే ఫాలోయర్‌ను చేతిలోకి తీసుకుని చూస్తే పనితనం తెలుస్తుంది. దాని మీద ఒక పక్కన సన్నటి గట్టు ఉంటుంది. చివరి తూటా ఆ గట్టు పక్కన ఒదుగుతుంది కాబట్టి పైవన్నీ తమంతట తామే ఎడమ, కుడి సర్దుకుంటాయి. దాని కింద జిగ్‌జాగ్‌గా మడిచిన ఒక రేకు స్ప్రింగు, అంతే. మొత్తం రైఫిల్లో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించే భాగం ఆ గట్టే.

ఇదంతా ఇంత సాఫీగా కుదిరింది తూటా అడుగున బయటికి పొడుచుకొచ్చే అంచు లేకపోవడం వల్ల. త్రీనాట్‌త్రీ తూటాకు ఆ అంచు ఉంది. పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనక పడితే రెండూ చిక్కుకుంటాయి, బోల్ట్ కదలదు. అందుకే తూటాలు నింపేటప్పుడు ప్రతి అంచూ కిందిదాని కన్నా ముందుండేలా చూసుకోవాలి.

లండన్‌లో రిగ్బీ కంపెనీ మౌజర్ యంత్రాన్ని తీసుకుని వేటకు మలిచింది. చంపావత్ ఆడపులిని 1907లో కొట్టాక వేటగాడు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా అందిన .275 రిగ్బీ రైఫిల్ తూటా, పై లెక్కలోని ఏడు మిల్లీమీటర్ల మౌజర్ తూటాయే. 1911లో అదే కంపెనీ తెచ్చిన .416 తూటా అడుగు వ్యాసం 15 మిల్లీమీటర్లు. అదే సూత్రంతో వెడల్పు 28కి పోతుంది. రైఫిల్ నడుము లావెక్కుతుంది, బరువు పెరుగుతుంది. పెద్ద జంతువు కోసం కట్టే ధర అది.

మన అడవుల్లో తిరిగిన తుపాకుల్లో పేరుపడ్డది మాత్రం మౌజర్ కాదు. 1910లో సికింద్రాబాద్ బొల్లారంలో పుట్టిన కెన్నెత్ ఆండర్సన్, తిరుపతి కొండల వెనక చామల లోయలోనూ నల్లమలలోనూ నరభక్షక పులుల వెంట నడిచిన మనిషి. ఆయన చేతిలోది .405 వించెస్టర్, 1895 మోడల్. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన. బోల్ట్ కాదు, లివర్ లాగే రకం. గొట్టాలకు పేరుపొందిన ఆ కంపెనీ లివర్ రైఫిళ్లలో నిలువు పెట్టె మ్యాగజైన్ దీనితోనే మొదలైంది. అంచున్న తూటాలు, ఒకే వరుస. పెట్టె కిందికి ఉబ్బి కనిపిస్తుంది. లీ వేటగాళ్లకు తెచ్చిన ఇబ్బందే ఇక్కడా. ఆండర్సన్ దానితోనే జీవితమంతా నడిచాడంటే, అలవాటైన తూకం కాగితం మీది తూకాన్ని గెలుస్తుందనుకోవాలి.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. షికారు కథ అక్కడితో ముగిసింది, ముగియవలసిందే. ఆయన తిరిగిన నల్లమలలో ఇప్పుడు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం ఉంది. లైసెన్సు మీద ఇళ్లలో మిగిలినవాటిలో ఈశాపూర్ ఫ్యాక్టరీ .315 ఒకటి. త్రీనాట్‌త్రీ తూటా మామూలు జనానికి నిషిద్ధం కాబట్టి పాత ఆస్ట్రియన్ మన్లిషర్ తూటా ఆధారంగా వచ్చిన తూటా అది. దానికీ అంచుంది, దానితో పాటే ఆ పాత జాగ్రత్తా ఉంది.

వేటకు అనుమతి ఉన్న దేశాల్లో ఇవాళ ఎక్కువగా అమ్ముడయ్యే రైఫిళ్లలో ఫిన్లాండు వాళ్ల టిక్కా ఒకటి. దాని మ్యాగజైన్ ఊడదీసే పెట్టె, ఒకే వరుస: లీ ఆలోచనే. మామూలు పెట్టెలో పట్టేది మూడే తూటాలు, అడుగున అది పొడుచుకురాదు: మౌజర్ పట్టుదలే. ఐదు తూటాల్లో రెండు తగ్గించి, అరచేతికి దాని చోటు ఇచ్చారు. వేట రైఫిల్‌కు సరైన బేరం అదేనని నా అభిప్రాయం.