బర్కస్ మైదానం నుంచి లింగంపల్లి నెట్స్ వరకు
ఒక కుర్ర బ్యాటరును గుర్తించి నిలబెట్టిన తీరు

బంతిని బలంగా బాదగల కుర్రవాణ్ని పదకొండు, పన్నెండేళ్ల వయసులోనే గుర్తుపట్టడం క్రీడారంగంలో ఎంతో అనిశ్చితమైన పని. ఆ వయసులో ఒళ్లు ఎదగదు, స్కోరు పుస్తకంలో చెప్పుకోదగ్గ పద్దు ఉండదు, ఎదుట బంతులు వేసేది తోటి పిల్లలే కాబట్టి కొట్టిన సిక్సర్లకు విలువ కట్టడమూ సాధ్యం కాదు. భారత టీ20 జట్టులో మూడో స్థానంలో దిగి వరుస శతకాలు బాదిన నంబూరి ఠాకూర్ తిలక్ వర్మ ప్రస్థానం మాత్రం సరిగ్గా అటువంటి గుర్తింపుతోనే హైదరాబాద్ పాతబస్తీ దక్షిణపు అంచున ఉన్న బర్కస్ మైదానంలో మొదలై, నగరానికి మరో కొసన ఉన్న లింగంపల్లిలో రూపుదిద్దుకుంది. ఆ ప్రస్థానాన్ని దశలవారీగా పరిశీలిస్తే, ప్రతిభను కనిపెట్టడం కంటే, కనిపెట్టిన ప్రతిభను శిక్షణ దొరికే చోటికి చేర్చి అక్కడ నిలబెట్టడమే అసలు పని అని తేలుతుంది.

పాత హైదరాబాద్ దారి

బలమైన బ్యాటింగ్ తెలుగువారికి కొత్త కాదు. 1895లో నాగపూర్‌లోని తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె.నాయుడు 1926 డిసెంబరు 1న బొంబాయి జింఖానా మైదానంలో, ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎంసీసీ జట్టు మీద హిందూస్ జట్టు తరఫున 11 సిక్సర్లతో 153 పరుగులు చేశారు. 1932 జూన్ 25న లార్డ్స్‌లో భారత్ తన తొలి టెస్టు మొదలుపెట్టినప్పుడు జట్టు సారథి కూడా ఆయనే. నేడు బీసీసీఐ 23 ఏళ్లలోపు యువకులకు నిర్వహిస్తున్న జాతీయ పోటీకి ఆయన పేరే ఉంది.

హైదరాబాద్ నగరంలో 1930ల ఆరంభంలో మొయినుద్దౌలా గోల్డ్ కప్ పోటీలు మొదలై, 1934లో హైదరాబాద్ క్రికెట్ సంఘం ఏర్పడి, 1937-38లోనే నగర జట్టు రంజీ ట్రోఫీ గెలుచుకుంది. ఆ తరువాతి దశాబ్దాలలో ఆటగాళ్లను ఏరే పని చాలావరకు నగరం నడిబొడ్డునే సాగింది: ఆల్ సెయింట్స్ వంటి పాఠశాలలు, నిజాం కళాశాల, ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్లలో రాణించిన కుర్రవాళ్లు ఫతే మైదాన్‌లోనో, సికింద్రాబాద్ జింఖానాలోనో, పరేడ్ గ్రౌండ్స్‌లోనో లీగ్ మ్యాచ్‌లు ఆడుతూ పెద్దల కంట పడేవారు, బ్యాంకులూ ప్రభుత్వ సంస్థలూ క్రీడా కోటాలో వారికి ఉద్యోగాలిచ్చి తమ జట్లలో ఆడించుకునేవి. చూసేవారూ ఆడేవారూ ఒకే ప్రాంతంలో తిరుగుతూ ఉండడం వల్ల ప్రత్యేకించి ప్రతిభాన్వేషకుడు అనే వ్యక్తి అవసరం అప్పట్లో అంతగా కనిపించలేదు.

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక నగరం పడమరకు పెరిగింది. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు లింగంపల్లి నుంచి బయల్దేరడం మొదలైంది, 2007లో శేరిలింగంపల్లి మహానగర పాలక సంస్థలో కలిసింది, 2008లో గచ్చిబౌలిలో పుల్లెల గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీ వెలసింది. ఐటీ ఉద్యోగుల కుటుంబాలు స్థిరపడిన కొద్దీ ఫీజు కట్టి పిల్లలకు ఆట నేర్పించే ధోరణి బలపడి, కాలేజీ జట్టు, ఆఫీసు జట్టు చేసిన పనిలో కొంత భాగం ప్రైవేటు అకాడమీల చేతికి వచ్చింది. లింగంపల్లిలోని లేగల క్రికెట్ అకాడమీ అటువంటి శిక్షణ కేంద్రాలలో ఒకటి.

కోచ్ కన్ను దేన్ని చూస్తుంది

ఆ అకాడమీ కోచ్ సలాం బయాష్, సుమారు పదకొండేళ్ల తిలక్‌ను మొదట చూసింది బర్కస్ మైదానంలో స్నేహితులతో టెన్నిస్ బంతి క్రికెట్ ఆడుతుండగా. ఎక్కడ నేర్చుకుంటున్నావని అడిగితే ఆ మైదానంలోనే ఆడుకుంటానని కుర్రవాడు బదులిచ్చాడని, వెంటనే తాను తండ్రితో మాట్లాడి అకాడమీలో చేర్చమని ఒప్పించానని బయాష్ తరువాత పత్రికలకు చెప్పారు.

గల్లీ ఆటలో కొట్టిన సిక్సర్లను బట్టి మాత్రమే అంచనా కట్టడం ఎందుకు ప్రమాదమో బంతుల బరువే చెబుతుంది. టెన్నిస్ బంతి 60 గ్రాములైనా తూగదు. పురుషుల క్రికెట్‌లో వాడే తోలు బంతి 155.9 నుంచి 163 గ్రాముల వరకు ఉంటుంది. తేలిక బంతి నెమ్మదిగా వచ్చి ఎత్తుగా లేస్తుంది కాబట్టి దాన్ని దూరం పంపాలంటే బ్యాటు విసురులోని వేగాన్ని కుర్రవాడు తానే పుట్టించుకోవాలి, కానీ అదే కుర్రవాడు బరువైన తోలు బంతి స్వింగ్ అవుతూ పక్కటెముకల మీదికి దూసుకొస్తే నిలబడగలడో లేదో గల్లీ ఆటలో తెలియదు. అందువల్ల అనుభవమున్న కోచ్ బంతి ఎంత దూరం పోయిందన్నది పక్కన పెట్టి, కొట్టే క్షణంలో తల కదలకుండా ఉందా, బంతి ఎక్కడ పడుతుందో, అంటే దాని లెంగ్త్‌ను, ముందుగానే పసిగడుతున్నాడా, బ్యాటును వెనక్కి ఎత్తే తీరు, అంటే బ్యాక్‌లిఫ్ట్, సాఫీగా ఉందా, బంతిని లాగి ఒక పక్కకే బాదుతున్నాడా లేక నేరుగా బౌలరు తల మీదుగానూ కొట్టగలుగుతున్నాడా అన్నవి చూస్తాడు.

అమెరికా బేస్‌బాల్‌లో ఈ విద్యకు శాస్త్రీయమైన పద్ధతి ఏర్పడి చాలాకాలమైంది. అక్కడి స్కౌట్లు, అంటే క్లబ్బుల తరఫున ఊరూరా తిరిగి కుర్రవాళ్లను చూసి నివేదికలు రాసే ఉద్యోగులు, ప్రతి ఆటగాడికీ 20 నుంచి 80 వరకు అంకెలలో మార్కులు వేస్తారు. 50 వస్తే పైస్థాయిలో సగటు ఆటగాడని అర్థం. బంతిని బ్యాటుకు తగిలించే నేర్పుకు ఒక మార్కు, బలానికి వేరే మార్కు ఇస్తారు. బలాన్ని కూడా రెండుగా విడదీసి, సాధనలో కనబడే ముడి బలం వేరు, నిజమైన బౌలింగ్ ఎదుట మ్యాచ్‌లో అక్కరకొచ్చే బలం వేరు అని లెక్కిస్తారు. బర్కస్‌లో కనిపించేది మొదటిది, లింగంపల్లి నెట్స్‌లో తయారు కావలసింది రెండోది.

రోజూ నగరం ఆ కొస నుంచి ఈ కొసకు

తండ్రి ఎలక్ట్రీషియన్, కిట్టుకూ ఫీజుకూ ఖర్చుపెట్టే స్తోమతు లేని కుటుంబం. దానికి తోడు వారు ఉండే చాంద్రాయణగుట్ట ప్రాంతం నుంచి లింగంపల్లికి దూరం పత్రికల కథనాల్లో సుమారు 40 కిలోమీటర్లుగా నమోదైంది. ఫలక్‌నుమా, లింగంపల్లి స్టేషన్ల మధ్య లోకల్ రైలు ఉన్నప్పటికీ పదకొండేళ్ల పిల్లవాణ్ని ఒంటరిగా పంపడం ఏ తల్లిదండ్రులకైనా కష్టమే. ఫీజు సంగతి, సామగ్రి సంగతి తనకు వదిలేయమని భరోసా ఇచ్చిన బయాష్, పిల్లవాణ్ని తన బండి మీద ఎక్కించుకుని అకాడమీకి తీసుకొచ్చి, సాధన ముగిశాక తిరిగి దిగబెట్టే బాధ్యతను కూడా తీసుకున్నారు. వెనుక కూర్చున్న పిల్లవాడు దారిలో నిద్రలోకి జారుకునేవాడని, పడిపోతాడేమోనని భయపడేవాణ్నని ఆయన గుర్తుచేసుకున్నారు. సుమారు ఏడాది గడిచాక ఆయన సలహా మీద కుటుంబమే లింగంపల్లి వైపు ఇల్లు మారింది, తండ్రి ఆ దగ్గరలోనే పని చూసుకున్నారు.

ఈ ఒక్క మార్పు కుర్రవాడికి రోజుకు కొన్ని గంటల నిద్రను, సాధనను మిగిల్చింది. నెట్స్‌లో పొద్దున ఒక విడత, సాయంత్రం మరొక విడత ఆడే పిల్లవాడికీ, మధ్యలో సగం రోజు రోడ్డు మీద గడిపే పిల్లవాడికీ రెండు మూడేళ్లలోనే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మెట్లు, వడపోతలు

భారత క్రికెట్‌లో పైకి వెళ్లే మెట్లు వయసును బట్టి ఉంటాయి: 16 ఏళ్లలోపు వారికి విజయ్ మర్చంట్ ట్రోఫీ, 19 ఏళ్లలోపు వారికి కూచ్ బెహార్, వినూ మన్కడ్ ట్రోఫీలు, ఆపైన 23 ఏళ్లలోపు పోటీ, చివరగా రంజీ, సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీలు. బలంగా కొట్టే కుర్రవాడి విషయంలో వయసే అసలు చిక్కు, రెండేళ్లు పెద్దవాడు చిన్నవాడిగా నమోదైతే కనిపించే బలం ఎదిగిన ఒంటిదే తప్ప నేర్పుది కాదు. అందుకే బీసీసీఐ 2012 నుంచి ఎడమ మణికట్టు ఎక్స్‌రేలో ఎముకల ఎదుగుదలను చూసి వయసును అంచనా వేసే టీడబ్ల్యూ3 పరీక్షను అమలు చేస్తోంది.

2002 నవంబరు 8న పుట్టిన తిలక్ 2018 డిసెంబరులో, పదహారేళ్లకే హైదరాబాద్ తరఫున ఆంధ్ర జట్టుపై రంజీలో అడుగుపెట్టాడు. 2020లో దక్షిణాఫ్రికాలో జరిగిన అండర్-19 ప్రపంచ కప్‌లో ఆడి, ఫిబ్రవరి 9న పాచెఫ్‌స్ట్రూమ్‌లో బంగ్లాదేశ్‌తో జరిగిన ఫైనల్లో 65 బంతులాడి 38 పరుగులు చేశాడు. భారత్ 177 పరుగులకే ఆలౌటై ఓడిపోయింది. ఆ స్కోరు కార్డు ఒక్కటే చేతిలో పెట్టుకుని చూసేవారికి ఇతడు భావి టీ20 హిట్టరని తోచే అవకాశం లేదు. జట్టు కూలిపోతున్నప్పుడు ఒక కొస పట్టుకుని నిలబడగలిగే ఓర్పు మాత్రం ఆ 65 బంతులలో ఉంది.

వేలంపాట ముందు నివేదిక

అమెరికా బేస్‌బాల్‌లో ఒక్కో పెద్ద క్లబ్బుకు నాలుగు స్థాయిలలో అనుబంధ జట్లుంటాయి. బ్రాంచ్ రికీ 1920ల నాటికి సెయింట్ లూయిస్ కార్డినల్స్ కోసం నిర్మించిన ఈ ఏర్పాటులో ఎంపికైన కుర్రవాడి తిండి, ప్రయాణం, శిక్షణ క్లబ్బు బాధ్యతే. ఐపీఎల్ ఫ్రాంచైజీలకు అటువంటి కింది జట్లు లేవు. రాష్ట్ర సంఘాలూ అకాడమీలూ కుటుంబాలూ పెంచిన ఆటగాణ్ని దేశవాళీ పోటీలలో చూసి, వేలంపాటలో అతడికి ఎంతవరకు వెళ్లవచ్చో తేల్చడమే వారి స్కౌట్ల పని. 2013లో ముంబై ఇండియన్స్ కోచ్ జాన్ రైట్ ముస్తాక్ అలీ ట్రోఫీలో గుజరాత్ బౌలర్ బుమ్రాను గమనించింది ఈ పద్ధతిలోనే. అంతకు ముందు బీసీసీఐ 2002లో ప్రతిభాన్వేషణ విభాగాన్ని ఏర్పాటుచేసింది, ఆ విభాగం తరఫున జంషెడ్‌పూర్‌లో మ్యాచ్ చూసిన ప్రకాశ్ పోద్దార్ అప్పటికే వయోపరిమితి దాటిన ధోనీలోని బలాన్ని గుర్తించి అతడి పేరును సిఫారసు చేశారు.

2021-22 ముస్తాక్ అలీ పోటీలో హైదరాబాద్ తరఫున ఏడు మ్యాచ్‌లలో 215 పరుగులు చేసిన తిలక్ స్ట్రైక్ రేటు, అంటే వంద బంతులకు చేసే పరుగుల లెక్క, 147 దాటింది. 2022 ఫిబ్రవరిలో బెంగళూరు వేలంలో 20 లక్షల కనీస ధర నుంచి మొదలైన పాట కోటీ 70 లక్షల వద్ద ఆగి ముంబై ఇండియన్స్ అతణ్ని దక్కించుకుంది. ఆ జట్టు చివరి స్థానంలో నిలిచిన ఆ సీజన్‌లో అతడు 14 మ్యాచ్‌లలో 397 పరుగులు చేశాడు.

ముడి బలం మ్యాచ్ బలంగా మారిందనడానికి తిరుగులేని రుజువు 2024 నవంబరులో దొరికింది. 13న సెంచూరియన్‌లో దక్షిణాఫ్రికాపై మూడో స్థానాన్ని అడిగి తీసుకుని 56 బంతుల్లో అజేయంగా 107, 15న జొహానెస్‌బర్గ్‌లో 10 సిక్సర్లతో 47 బంతుల్లో అజేయంగా 120, 23న రాజ్‌కోట్‌లో మేఘాలయపై హైదరాబాద్ తరఫున 67 బంతుల్లో 151 పరుగులు చేసి, పురుషుల టీ20 క్రికెట్‌లో వరుసగా మూడు శతకాలు సాధించిన తొలి ఆటగాడయ్యాడు. 2025 సెప్టెంబరు 28న దుబాయ్‌లో పాకిస్థాన్‌తో ఆసియా కప్ ఫైనల్లో జట్టు 20 పరుగులకే మూడు వికెట్లు కోల్పోయిన స్థితిలో 53 బంతుల్లో 69 పరుగులతో నాటౌట్‌గా నిలిచి గెలిపించినప్పుడు, పాచెఫ్‌స్ట్రూమ్‌లో చూపిన ఓర్పు కూడా అక్కరకొచ్చింది.

తేలిన సంగతి

ఇదే కాలంలో విశాఖపట్నం కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి 2017-18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో నాగాలాండ్‌పై ఒక్క ఇన్నింగ్స్‌లో 441 పరుగులు, టోర్నీలో మొత్తం 1,237 పరుగులు చేసి దేశం దృష్టిలో పడ్డాడు. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో శతకం కొట్టాడు. అతడి విషయంలో అంకెలే సాక్ష్యం చెప్పాయి, తిలక్ విషయంలో అంకెలు పుట్టకముందే ఒక కోచ్ కన్ను చెప్పింది. కానీ ఆ అంకెల వెనుక కొడుకు ఆట కోసం ఉద్యోగం వదులుకున్న తండ్రి ఉన్నట్టే, ఈ శతకాల వెనుక ఇల్లు మారిన కుటుంబమూ, రోజూ బండి నడిపిన కోచూ ఉన్నారు.

ఇప్పటి వ్యవస్థలో జీతం తీసుకునే స్కౌటు కుర్రవాణ్ని చూసేది అతడు రాష్ట్ర జట్టు దాకా వచ్చిన తరువాతనే. అంతకు ముందున్న అత్యంత కష్టమైన మొదటి మెట్టు ఎక్కించే భారం వ్యక్తుల ఉదారత మీదే నడుస్తోంది. ఒక సలాం బయాష్ కంట పడని పిల్లలు ఆదిలాబాద్‌లోనూ, నల్గొండలోనూ, పాతబస్తీలోనూ ఎందరో ఉంటారు. వారి కోసం ప్రతి జిల్లాలో తోలు బంతితో ఆడే ఒక మైదానం, వయసు పరీక్షతో కూడిన ఒక లీగు, ప్రయాణ ఖర్చు భరించే చిన్న ఏర్పాటు ఉంటే చాలు. క్రికెట్ సంఘాలూ, ప్రభుత్వాలూ, కోట్లు పెట్టి ఆటగాళ్లను కొంటున్న ఫ్రాంచైజీలూ తమ రాబడిలో కొంత భాగాన్ని ఆ మొదటి మెట్టుకు కేటాయించాలి.