కోరంటి దవాఖాన నుంచి గాంధీ దాకా

నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రిని పాతతరం వారు నేటికీ కోరంటి దవాఖాన అనే అంటారు. క్వారంటైన్ అన్న మాట మన నోట పడి అలా అరిగింది. నిజాం కాలంలో అంటురోగులను ఒకచోట ఎడంగా ఉంచిన గుర్తు అది. మహమ్మారి వేళ వైద్యం ఒక్కచోటే పెట్టాలా, పదిచోట్లకు పంచాలా అన్న ప్రశ్న 2020లో మళ్లీ మన గుమ్మం ముందుకే వచ్చింది.

రాజ్యాంగం ప్రకారం ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలోనిది. 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద నియమాలు జారీ చేసినవీ రాష్ట్రాలే. అయితే మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ పెట్టింది మాత్రం 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద కేంద్రం. ఫైలు ఒకటే, సంతకాలు రెండు!

తెలంగాణ తొలినాళ్లలో భారమంతా గాంధీ ఆసుపత్రి మీద మోపింది. జిల్లాల రోగులూ అక్కడికే వచ్చారు. అనుభవం గల డాక్టర్లు, పరికరాలు ఒకేచోట దొరకడం మేలే. కాని గాంధీకి వెళ్లవలసిన మామూలు రోగులు మా అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియాకు మళ్లారు. జూలైలో కురిసిన వానలకు ఉస్మానియా పాత భవనపు వార్డులలోకి నీళ్లు వచ్చాయి. 1908 మూసీ వరద చూసిన ప్రాంతమిది, అయినా మంచాల కింద నీళ్లు పారడం చూస్తే మనసు కలుక్కుమంది. ఉన్న రెండు పెద్ద దిక్కులలో ఒకటి కోవిడ్‌కు పోయి, రెండోది నీళ్లపాలైతే బి.పి., షుగరు ఉన్న మనబోటివాళ్లం ఎక్కడికి పోవాలి? నేను మాత్రల కోసం ఒక ఆసుపత్రికి వెళ్లి, గేటు దగ్గరి నుంచే తిరిగివచ్చాను.

జర్మనీలో దాదాపు 400 స్థానిక ఆరోగ్య కార్యాలయాలు రోగితో మసలినవారిని వెదికిపట్టాయి. ఒకే జాతీయ ఆరోగ్య సేవ ఉన్న ఇంగ్లండు 2020 మార్చిలో ఆ పనిని కొంతకాలం ఆపివేసింది.

అలాగని అన్నీ పంచితే సరిపోతుందా అంటే, టీకాల సంగతి వేరు. 2021 మే 1 నుండి 18-44 ఏళ్లవారికి రాష్ట్రాలే టీకాలు కొనుక్కోవాలన్నారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ గ్లోబల్ టెండర్లు పిలిచాయి. బిడ్డు వేసిన కంపెనీ లేదు. ఒకే సరుకుకు ఇన్ని రాష్ట్రాలు విడివిడిగా ఇండెంటు పెడితే బేరం ఎలా కుదురుతుంది? స్టోర్సు సీట్లో కూర్చున్న గుమాస్తా ఎవరైనా ఈ మాట చెప్పేవాడు. జూన్ 21 నుండి కొనుగోలు మళ్లీ కేంద్రం చేతికి వెళ్లింది.

అరవై దాటినందున నాకు మార్చిలోనే టీకా దొరికింది. మా అబ్బాయికి జూలైలో, మా బస్తీ కేంద్రంలో పడింది. కొన్నది ఢిల్లీ, సూది వేసింది మా వీధి నర్సమ్మ.